మద్దెలకు గుప్పెడు పిండి

ఇరవై ఏళ్ళకు పైగా ఒక కాగితం ముక్క నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అది నేను రాసిన కాగితం కాదు, రాయకుండా వదిలేసినది. నా భార్యకు కూడా ఈ సంగతి తెలియదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టి కావచ్చు. పోయిన నెల గుడి కమిటీవాళ్ళు మా ఎస్టేటు పాత సంగీతం గురించి రెండు పేజీలు రాసిమ్మన్నారు. దొర ఫిడేలు గురించి హాయిగా రాశాను. మద్దెల దగ్గరికి వచ్చేసరికి కమిటీ పెద్దాయన అన్నాడు: "అప్పన్న పేరు ఎందుకండీ, అడవోళ్ళకి తిండి మోసినోడు." నేను కలం మూసేశాను. అప్పుడైనా నోరు తెరవవచ్చు కదా? తెరవలేదు. అప్పటినుంచి నిద్ర లేదు.

మాది మలయాలో బాగన్ దాతుక్ ఊరి దగ్గర కొబ్బరి ఎస్టేటు. నేను ఆఫీసు గుమాస్తాని. పెద్ద దొరది స్కాట్లాండు, ఆయన ఫిడేలు వాయించేవాడు. చిన్న దొరది ఐర్లండు, ఆయనది పిల్లనగ్రోవి. వాళ్ళ ఊళ్ళ పాటలు, గెంతి ఆడే పాటలు. వాటికి తాళం పట్టేవాడు దొరకలేదు. ఒకరోజు కొబ్బరికాయలు ఒలిచే అప్పన్న బంగళా అరుగు కింద నిలబడి విని నవ్వాడట, "ఇది మన తప్పెటగుళ్ళ నడకే గదా" అని. మర్నాడు మద్దెల తెచ్చాడు. అంతే, బృందం తయారైంది. దొరల క్లబ్బు పండగలు, పక్క ఎస్టేట్ల పెళ్ళిళ్ళు, మా శ్రీరామనవమి, చైనా దుకాణదారుల విందులు, అన్నిటికీ లారీ ఎక్కి వెళ్ళేవాళ్ళం. నేనూ వెళ్ళేవాణ్ణి. పాటల పేర్లు చదివి చెప్పడం నా పని. ఫిడేలు కూడా దొర దగ్గర నేర్చుకుంటూ ఉండేవాణ్ణి.

మద్దెల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎడమవైపు తోలుకు తడిపిన పిండి ముద్ద అంటించాలి, లేకపోతే గుమ్మున మోగదు. ఆట అయ్యాక గీకి పారేస్తారు. ప్రతిసారీ కొత్త పిండి కావాలి. కానీ అవి తెల్లవాళ్ళ ప్రభుత్వం మలయాలో ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో ఉన్న తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సోదా. గుప్పెడు బియ్యం, గుప్పెడు పిండి గేటు దాటినా నేరమే. అందుకని వెళ్ళే ప్రతిసారీ నేను ఆఫీసు కాగితం మీద ఒక చీటీ రాసేవాణ్ణి. "మద్దెలకు పిండి, ఒక గుప్పెడు." కింద ముద్ర. గేటు దగ్గర నేనే చూపించేవాణ్ణి. అప్పన్న ఎన్నడూ అడగలేదు. అడగకుండానే రాసేవాణ్ణి.

మెర్దెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందు సంవత్సరం. సాధనలో ఒక పాట నా చేతిలో మళ్ళీ మళ్ళీ తప్పుతోంది. దొర నా చేతిలోంచి ఫిడేలు తీసుకున్నాడు. అప్పన్న మద్దెల మీద చెయ్యి ఆపి అన్నాడు: "గుమస్తాబాబూ, లెక్కెట్టడం ఆపీసులో. ఇక్కడ సెవి ఎట్టాలి." అందరూ నవ్వారు. దొరకు ఎవరో అర్థం చెప్పారు, ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ దొర నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, అప్పన్నను మాత్రం పిలిచేవాడు. ఇంత చిన్న మాటకా, అని మీరు అడుగుతారు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

ఆ శనివారం పక్క ఎస్టేటు క్లబ్బులో ఆట. దొరలు కారులో ముందు వెళ్ళిపోయారు. నేను చీటీ రాయలేదు. మరిచిపోలేదు, కాగితం బయటికి తీసి, చూసి, మళ్ళీ సొరుగులో పెట్టాను. నేను అనుకున్నదల్లా ఇంతే: గేటు దగ్గర పిండి లాగేసుకుంటారు, మద్దెల చప్పగా మోగుతుంది, ఒక్క సాయంత్రం వాడికీ నవ్వులపాలవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. అంతే అనుకున్నాను. నిజంగా అంతేనా?

గేటు దగ్గర ఆరోజు కొత్త అధికారి. ఆ వారమే దగ్గర్లో ఏదో కాల్పులు జరిగాయి. అతను అప్పన్న మూట విప్పించి పిండి చూశాడు. అప్పన్న నావైపు తిరిగాడు, నవ్వుతూనే.

"సీటీ సూపించండి బాబూ."

నేను లారీ వైపు చూశాను.

"ఏటి, రాయనేదా? పోన్లెండి, నోటితో సెప్పండి. మద్దెలకని."

అధికారి నన్ను ఇంగ్లీషులో అడిగాడు, ఇతనికి అనుమతి ఉందా అని. నాకు తెలియదు అన్నాను.

"ఆటలొద్దు లా, గుమస్తాబాబూ," అన్నాడు అప్పన్న, మలయావాళ్ళలా మాట చివర 'లా' తగిలించి. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. జీపు ఎక్కించేటప్పుడు మాత్రం నవ్వలేదు. "మద్దెల తడవకుండా సూడండి బాబూ," అన్నాడు. అవే ఆఖరి మాటలు.

పెద్ద దొర తిరిగొచ్చి ఒక్కసారే అడిగాడు, చీటీ ఇచ్చావా అని. "అతను అడగలేదు సార్," అన్నాను. చూడండి, ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో! అప్పుడు నిజం చెబితే దొర తన కారులో పోలీసు స్టేషనుకు వెళ్ళేవాడు, మర్నాటికి అప్పన్న ఇంట్లో ఉండేవాడు. నా ఉద్యోగం పోయేది. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి, తెలిసే ఆ మాట అన్నాను. చీటీ రాయకపోవడం దుడుకుతనం అనుకున్నా, ఈ మాటకు ఏ పేరు పెట్టను?

ఎనిమిది నెలలు నిర్బంధంలో ఉంచి, భార్యతో సహా ఇండియాకు ఓడ ఎక్కించారు. అప్పన్న ఇక్కడ పుట్టినవాడు. వాళ్ళు పంపిన దేశాన్ని ఎన్నడూ చూడలేదు. ఉత్తరం రాలేదు. నేనూ వెతకలేదు.

మెర్దెకా సంబరాలకు ఊరి మైదానంలో మా బృందం వాయించింది. మద్దెల వాయించింది నేను, ఆ ఏడాదిలో నేర్చుకుని. అతని మద్దెలే. పిండికి చీటీ నేనే రాసుకున్నాను. జనం జెండాలు ఊపుతూ చప్పట్లు కొట్టారు. దొర నా చెవి దగ్గర వంగి, "అతను నన్ను మోసం చేస్తాడనుకోలేదు," అన్నాడు. నేను తల ఊపాను. తాళం తప్పలేదు. ఆరోజు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు, అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

కమిటీకి ఇవ్వాల్సిన పేజీలు మళ్ళీ రాశాను. రేపు ఇస్తాను. అచ్చు వేస్తారో, చింపేస్తారో వాళ్ళ ఇష్టం. క్షమించమని అడగడానికి అతని చిరునామా నా దగ్గర లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. చెప్పాను, ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. ఆ పేజీల్లో మొదటి వాక్యం ఇది: అప్పన్న గేటు దగ్గరికి తెచ్చింది మద్దెలకు పిండి, ఒక గుప్పెడు. గుమాస్తాకు తెలుసు.