ఇరవై ఒక్క మరమ్మతులను మింగిన తెర

ఒక పెద్దమనిషి మూడు వారాల కష్టాన్ని చిన్న చప్పుడైనా లేకుండా మాయం చేసిన ఘనత నాది. దొంగలు పడి ఉంటే కనీసం తాళమైనా పగిలేది. నేను మాత్రం మంచి ఉద్దేశంతో, ముందుగా చప్పట్లు కూడా కొట్టించుకుని మరీ చేశాను. ఎలాగో చెబుతాను. నవ్వండి, కాకపోతే మరీ పగలబడి వద్దు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కరీంనగర్ బస్టాండు దగ్గర కింద జిరాక్స్ షాపు, పైన మా ఆఫీసు. యంత్రాల మరమ్మతు పుస్తకాలను ఆన్‌లైన్‌లో రాసుకునే సాధనం ఒకటి తయారు చేస్తున్నాం. అలాంటి పుస్తకాన్ని చుట్టాలకు ఉత్తరం రాసినట్టు రాస్తే కుదరదు. మరమ్మతు పేరు ఒక గడిలో, పనిముట్లు ఒక గడిలో, జాగ్రత్తలు ఒక గడిలో, ఆ తర్వాత చేయాల్సిన పని వరుసగా ఒక్కో గడిలో ఉండాలి. అప్పుడే వెతికిన ముక్క వెంటనే దొరుకుతుంది. కంప్యూటర్ ముఖం చూడని మనిషి కూడా ఇదంతా రాయగలిగేలా తెరను తీర్చిదిద్దే పని నాకు అప్పగించారు. అప్పటికే నేను రెండు నెలల కోర్సు చేసి ఉన్నాను కాబట్టి ప్రపంచంలో నాకు తెలియనిది లేదు.

ప్రశ్నలు కొత్తవాళ్లను భయపెడతాయన్నది నా సిద్ధాంతం. అందుకని ప్రశ్నలన్నీ పీకేశాను. ‘ఈ పేరుతో ఇదివరకే ఒకటి ఉంది, దాని మీద రాసేయాలా?’ అని అడిగే ముక్కనూ పీకేశాను. అదే పేరు పెట్టారంటే పాతదాన్ని దిద్దుకుంటున్నారనే కదా, అడగడానికి ఏముంది? రాసినవాటి జాబితా చూస్తే కంగారు పడతారని దాన్నీ దాచేశాను. చివరికి తెర మీద ‘కొత్తది’, ‘సేవ్’ అని రెండే బొత్తాలు మిగిలాయి. మా ఆఫీసు నడిపే స్వరూప మేడం ఎంతో మెచ్చుకున్నారు. చప్పట్లు అప్పుడే పడ్డాయి.

దాన్ని మొదట వాడింది సిరిసిల్ల నర్సయ్య కాక. నలభై ఏళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేస్తున్న మనిషి. అక్కడ పని నేర్చుకునేవాళ్ల కోసం ఆయనకు తెలిసిన ఇరవై రెండు మరమ్మతులను రాయించాలి. నెల తిరిగేసరికి ఆయనకు కంటి ఆపరేషన్, ఆలోపు పూర్తి కావాలి. పాపం, ఒంటి వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశాడు. ఎట్లుందని నేను రోజూ ఫోన్ చేసేవాణ్ణి.

“మంచిగున్నది పిలగా. ఏది ఒత్తినా ఏమనది.”

ఆ మాటను కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటించాను కూడా.

పని అయిపోయిన రోజు కాక మంచి చొక్కా వేసుకుని బస్సులో కరీంనగర్ వచ్చాడు. అందరూ చుట్టూ చేరాక నేను దాచిన జాబితాను పెళ్లిలో అడ్డుతెర తీసినంత ఠీవిగా తెరిచాను. అందులో ఒక్కటే ఉంది. పేరు: శ్రీ రాజరాజేశ్వర స్వామి ప్రసన్న.

“మిగిలిన ఇరవై ఒకటి ఏడున్నయి?” అన్నారు మేడం.

కాక కళ్లద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

“అన్నీ గట్లనే మొదలువెట్టిన. పైన దేవుని పేరు రాయకుంట కాయితం ఎట్ల మొదలువెడ్తరు?”

పై గడిలో వేములవాడ రాజన్నను రాసి, మరమ్మతు పేరును కింది గడిలో రాశాడు. ఇరవై రెండు సార్లూ అంతే. పేరు ఒకటే కాబట్టి నా తెలివైన తెర ప్రతిసారీ పాతదాన్ని తుడిచి, కొత్తదాన్ని దాని చోట కూర్చోబెట్టింది. విచిత్రం చూడండి, నేను పుట్టి పెరిగింది చొప్పదండిలో. మా బాపు బావి మోటరు మెకానిక్ ఫోన్ నంబరు రాసుకున్న చీటీ మీద కూడా పైన ‘శ్రీ’ ఉండేది. నా పరీక్ష పేపర్లన్నింటి మీదా నేనూ రాశాను. తెర తయారు చేసేటప్పుడు మాత్రం అది గుర్తుకే రాలేదు. ఎవరో ఎప్పుడూ ఏమీ రాయని మనిషి కోసం చేసినట్టు చేశాను.

పీకేసిన ప్రశ్న సంగతి తల వంచుకుని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“అడ్డం పోయే పేక పోగు తెగితే సాంచా ఆగాలె పిలగా,” అన్నాడు కాక. “గందుకే దానికి ఒక చిన్న ముల్లు ఉంటది. ఆ ముల్లు తీసేస్తే సప్పుడు మంచిగనే వస్తది, గుడ్డే రాదు. నువ్వు ముల్లు తీసేసినవ్.”

అంతకంటే బాగా నా ఉద్యోగంలో ఎవరూ నాకు పాఠం చెప్పలేదు.

ఆపరేషన్ అయ్యాక నేనే సిరిసిల్ల వెళ్లాను. కాక కంటికి పట్టీ కట్టుకుని మంచం మీద పడుకుని చెబుతుంటే, పక్కన కూర్చుని రాశాను. వీధి పొడుగునా సాంచాల మోత. ఆ మోతలోనే ఏ సాంచాకు ఏం జబ్బు చేసిందో పడుకునే చెప్పేవాడు. ఇరవై రెండు కాస్తా ఇరవై ఏడయ్యాయి. ఆ వారం రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ పట్టీ కట్టిన ముఖమే కనబడుతుంది, మళ్లీ వెళ్లి ఆ మంచం పక్కన కూర్చోవాలనిపిస్తుంది.

తెరకు దేవుడి పేరు కోసం పైన వేరే గడి పెట్టాను. పీకేసిన ప్రశ్నను కూడా తిరిగి పెట్టాను: ‘పాతదాని మీదనే రాయాలా? పక్కానా?’

కన్ను నయమయ్యాక కాక ఫోన్ చేశాడు.

“నలభై ఏండ్ల సంది పని చేస్తున్న. ‘పక్కానా’ అని నన్ను అడిగింది గిదొక్కటే పిలగా. మస్తు మర్యాద అనిపిస్తది. గందుకే రోజూ పొద్దుగాల ఒకసారి తెరిచి ఒత్తుతున్న.”

“ఏది ఒత్తుతున్నవ్ కాకా?”

“అవును అనేదే. అడిగినంక కాదంటే ఏం మర్యాద?”

ఫోన్ పెట్టేసి బస్టాండుకు పరుగెత్తాను. సిరిసిల్ల వెళ్లి చూస్తే అదృష్టం కొద్దీ ఏమీ పోలేదు, రాసిందాన్నే మళ్లీ మళ్లీ దాని మీద సేవ్ చేస్తున్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిండు మనసుతో ప్రమాణం చేశాను: ఒకరి రాతను వాళ్లను అడగకుండా తుడిచే తెరను ఈ జన్మలో తయారు చేయను. అడిగాక వాళ్లు ‘అవును’ అన్నా సరే, పాత ప్రతిని చచ్చినా పారేయను.