ఆదామన్న ఎంక్వైరీ

ఏడు మ్యాచులు ఆడి ఒక్క గోలు కూడా కొట్టలేని ఫుట్‌బాల్ టీము మాది. ఎనిమిదో మ్యాచులో తప్పెవరిదో తేల్చబోయి ఒక మనిషి కన్ను పోగొట్టాం. పోగొట్టింది ఆదామన్నే అని ఇల్లందులో ఎవరినడిగినా చెబుతారు. పోలీసు కాయితంలోనూ అదే ఉంది. అది నిజమే గాని, సగం నిజం. మిగతా సగంలో నేనున్నాను. అందుకే ఆయన సంగతి నేనే చెప్పాలి. ఇంకెవడో టీ కొట్టు దగ్గర కూచుని చెబుతుంటే నాకు ఒళ్లు మండుతోంది.

నా పేరు శాంతికుమార్. బస్టాండు దగ్గర మోటారు సైకిళ్లు బాగుచేస్తాను. పన్నెండేళ్లుగా ఆ టీములో బ్యాక్ ఆడుతున్నాను. ఆదామన్న మా కోచ్. బొగ్గు క్వారీలో నీళ్లు తోడే పంపు ఆపరేటరు. షిఫ్టు దిగి, మొహం మీద నుసి కూడా కడుక్కోకుండా గ్రౌండుకు వచ్చేవాడు. మాలో ఎవరికి జ్వరమొచ్చినా దవాఖానాలో మంచం పక్కన కూచునేది ఆయనే. మా అమ్మ అంతోనమ్మ పోయిన రోజు సమాధి తవ్వడానికి పార పట్టింది కూడా ఆయనే. ఇది ముందే చెబుతున్నాను. తర్వాత చెప్పబోయేది విన్నాక ఎవరికీ ఇది వినబుద్ధి కాదు.

ఆయనకు పదహారేళ్లప్పుడు వాళ్ల నాయన ముత్యాలు, బాయి లోపల కప్పు కూలి చనిపోయాడు. భూమి లోపలి బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటాం. ఆ బాయి మూతపడి చాలా కాలమైంది. బండ ఛాతీ మీద పడిందని, పైకి తెచ్చేసరికి మొహం తప్ప గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదని ఆదామన్న అన్నం తింటూ చెప్పేవాడు. వినేవాళ్లకు ముద్ద దిగేది కాదు. ఆయన మాత్రం కంచం ఖాళీ చేసేవాడు.

కప్పుకు ఆనించే దుంగలు మూడు రోజులుగా రాలేదని ఆ షిఫ్టులో అందరికీ తెలుసు. ఎంక్వైరీకి పిలిచినప్పుడు మాత్రం ఒక్కొక్కరే లోపలికి పోయి, ముత్యాలే మాట వినకుండా ముందుకు పోయాడని చెప్పి బయటికి వచ్చారు. బతికున్నవాడి పేరు చెబితే వాడి నౌకరీ పోతుంది. చచ్చినవాడికి కొత్తగా పోయేదేముంది? కార్మికుని అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది అని రాసి ఫైలు మూసేశారు. పద్దెనిమిది నిండాక నాయన నౌకరీ కొడుక్కి వచ్చింది. శవంతో పాటు వచ్చిన తోలు బెల్టు కూడా కొడుక్కే దక్కింది. నెత్తి మీది దీపానికి బ్యాటరీ కట్టుకునే బెల్టు అది. దానికి ఇత్తడి బకిల్ ఉండేది.

ఆ ఒక్క ముక్క కొట్టెయ్యమని ఆదామన్న ఏటేటా అర్జీ పెట్టేవాడు. మా నాయన అజాగ్రత్త మనిషి కాదు, ఆ మాట తీసెయ్యండి అని. ఇంతకు మించి ఆయన జీవితంలో దేన్నీ అడగలేదు. మొన్నటి వానాకాలంలో జవాబు వచ్చింది. పాత రికార్డు మార్చడం కుదరదట, ఇక మీదట అర్జీలు పెట్టవద్దట. ఆ ఆదివారమే మేము ఏన్కూరులో ఓడిపోయాం. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

మమ్మల్ని గుండ్రంగా నిలబెట్టాడు. చేతిలో ఆ బెల్టు ఉంది.

"తప్పెవలిది?" అన్నాడు. "నేను మూడు అంటే అందరు వేలు జూపియ్యాలె. ఎవని మీదికి ఎక్కువ వేళ్లు పోతే వానిదే తప్పు."

తప్పు తేలినవాడు చొక్కా విప్పి వంగాలి. వీపు మీద మూడు దెబ్బలు. బకిల్ తన పిడికిట్లో ఉంచుకుని తోలుతోనే కొట్టేవాడు. అయినా వాతలు పది రోజులు ఉండేవి, వెల్లకిలా పడుకోలేకపోయేవాళ్లం. మేం దాన్ని ఎంక్వైరీ అనేవాళ్లం. ఆదామన్నకు ఆ పేరు నచ్చిందో లేదో తెలియదు గాని, వద్దనలేదు. ఆయన ఎప్పుడూ ఆ గుండ్రం బయటే నిలబడేవాడు.

ఎందుకు పడ్డామని అడుగుతారు. సిగ్గు విడిచి చెబుతున్నాను. వేలు చూపించడంలో ఒక సుఖం ఉంది. పదిమంది వేళ్లూ పక్కవాడి మీదికి పోతుంటే కడుపులో చల్లగా ఉంటుంది. బెల్టు చప్పుడు వినిపిస్తుంటే, హమ్మయ్య నేను కాదు అనిపిస్తుంది. ఆ చల్లదనం కోసం ఆరు నెలలు బానిసల్లా నిలబడ్డాం.

మా ఫార్వర్డు హేమ్లా దస్రు. టేకులపల్లి వైపు అడవిలో గూడెం వాడిది. ఇరవై రెండేళ్లు, క్వారీలో కాంట్రాక్టు కూలి. ఎడమ కాలితో కొడితే గోల్‌కీపరు చేతులు అడ్డం పెట్టడానికి కూడా భయపడేవాడు. వచ్చిన మొదటి ఏడాదే పదకొండు గోలులు కొట్టాడు. తక్కువ మాట్లాడేవాడు. ఒకసారి మాత్రం వాళ్ల విత్తనాల పండుగ గురించి చెప్పి నవ్వించాడు. మగవాళ్లంతా వేటకు పోతారట. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరి మొదట్లోనే ఆపి పేడనీళ్లు పోస్తారట.

"ఎవని బాణం తప్పిందో వాని మీదనేనా?" అని అడిగాను.

దస్రుకు నా ప్రశ్న అర్థం కాలేదు. "అందరం పోతిమి గదన్నా," అన్నాడు.

ఎంక్వైరీ మొదలైనప్పటి నుంచి మా టీము గోలు మొహం చూడలేదు. ఒకడు గోలు దాకా తీసుకుపోతాడు, అక్కడ ఆగి పక్కవాడికి ఇస్తాడు. వాడు వెనక్కి ఇస్తాడు. బంతిని నిప్పు కణికలా ఒకరి మీదికొకరు తోసుకున్నాం. ఆదామన్న ఒడ్డున నిలబడి ఫార్వర్డును తిట్టేవాడు, గ్రౌండును తిట్టేవాడు, రిఫరీని తిట్టేవాడు. ఆడలేక మద్దెల ఓడు అని మాకు మేమే వెనక నవ్వుకునేవాళ్లం. తప్పు ఎక్కడుందో పదకొండు మందికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు.

ఎనిమిదో మ్యాచు టేకులపల్లి టీముతో, మా గ్రౌండులోనే, ఆదివారం చర్చి అయ్యాక. అది ఆట కాదు, కొట్లాట. పది నిమిషాలకే మా రామ్‌సింగ్ ముక్కు మీద మోచెయ్యి పడింది. రక్తం మింగుతూ ఆడాడు. నేనొకడి పిక్క మీద బూటుతో తొక్కాను, కావాలనే తొక్కాను. వాడు లేచి నా చెవి పట్టి పీకాడు. రెండు వైపులా జనం లోపలికి దిగితే రిఫరీ రెండుసార్లు ఆట ఆపాడు. చివరి నిమిషాల్లో బంతి దస్రుకు దొరికింది. వాళ్ల గోల్‌కీపరు కింద పడి ఉన్నాడు. ముందు పిల్లకాకి కూడా లేదు. చిన్నపిల్లవాడు కొట్టినా పోయే గోలు.

దస్రు ఆగాడు. వెనక్కి తిరిగి రామ్‌సింగ్‌కు ఇచ్చాడు. మధ్యలో టేకులపల్లి వాడు అందుకుని మా వైపు పరుగెత్తాడు. నేను అడ్డం పడ్డాను, పక్కకు జారిపోయాను. వాడు నన్ను దాటి గోలు కొట్టాడు. ఆ గోలు నా కాళ్ల కిందినుంచి పోయింది. అందుకే గుండ్రంగా నిలబడ్డాక అందరికంటే ముందు దస్రు మీదికి వేలు ఎత్తింది నేను. మిగతా వేళ్లు నా వేలిని చూసి లేచాయి.

దస్రు ఒక్కడే చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు.

"నువ్వెవల్ని జూపిస్తవ్?" అన్నాడు ఆదామన్న.

"ఎవల్ని జూపియ్య సార్."

"ముంగట ఎవ్వడు లేడు. ఎందుకు కొట్టలే?"

"బుగులైంది సార్. కొడితే పక్కకు పోద్దేమో, పోతే వేళ్లన్ని నా మీదికే వస్తయ్. ఇచ్చేస్తే ఇచ్చినోని మీదికి పోతయనుకున్న."

దస్రు అక్కడితో ఆగితే బాగుండేది. వాడికి అబద్ధం కలపడం రాదు. "అందరం గిట్లనే ఆడుతున్నం సార్. ఈ బెల్టు వచ్చిన కాడి సంది."

ఆదామన్న మొహం ఎలా అయ్యిందో నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ముప్పై ఎనిమిదేళ్లు ఎంక్వైరీ బయట నిలబడ్డ మనిషిని ఒక్క మాటతో లోపలికి లాగి నిలబెట్టాడు దస్రు. ఆయన చెయ్యి లేచింది. బకిల్ పిడికిట్లో లేదు, ఈసారి తోలు కొస పిడికిట్లో ఉంది. మొదటి దెబ్బ భుజం మీద పడి చర్మం చీరింది. దస్రు అటు తిరిగి చూశాడు. రెండోది కంట్లో పడింది.

కొబ్బరికాయ మీద కత్తి వెనక వైపు తగిలినట్టు చప్పుడైంది. దస్రు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం, నీరులాంటిది ఇంకేదో కారుతోంది. ఆదామన్న ఆగలేదు. మూడోది, నాలుగోది వంగిన మెడ మీద పడ్డాయి. "నాదా తప్పు? నాదా?" అంటున్నాడు. అప్పుడు గాని నాకూ చేతులున్నాయని గుర్తు రాలేదు. ఎగిరి ఆయన దవడ మీద గుద్దాను. పన్ను ఊడి నా వేలు కోసుకుంది. ఆయన కిందపడ్డాక కూడా ఇంకో రెండు గుద్దాను. అవి దస్రు కోసం గుద్దినవి కావు, నా కోసం గుద్దినవి.

ఆటోలో దస్రు తల ఆదామన్న ఒడిలోనే ఉంది. ఆయన తన చొక్కా వాడి కంటికి అదిమి పట్టుకుని, నోటి నుంచి రక్తం కారుతున్నా తుడుచుకోకుండా కూచున్నాడు. దవాఖానాలో సిస్టరు కాయితం తీసి, దెబ్బ ఎట్లా తగిలిందని అడిగింది. ఆదామన్న నౌకరీ పోతుంది, జైలుకు పోతాడు అనిపించింది నాకు. నోటికి వచ్చింది చెప్పాను.

"బంతి తగిలింది సిస్టర్. పోరడు సూస్కోలే."

ఆమె రాసుకుని, సరిచూడడానికి పైకి చదివింది. "ఆటగాడి అజాగ్రత్త వల్ల కంటికి దెబ్బ. అంతేనా?"

గోడకు ఆనుకుని ఉన్న ఆదామన్న తల ఎత్తాడు. "ఏం రాసినవమ్మా? మల్లొకసారి సదువు."

ఆమె చదివింది.

"కొట్టెయ్ తల్లీ ఆ మాట," అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "ముప్పై ఎనిమిదేండ్ల సంది గా ఒక్క మాట కొట్టెయ్యమని తిరుగుతున్న. ఇయ్యాల నేను గూడ గదే రాయిస్తనా? రాయి. ఆదాము, ముత్యాలు కొడుకు, బెల్టుతోని కొట్టిండు. పోరడు నిజం చెప్పినందుకు కొట్టిండు. గది గూడ రాయి."

నేను సైగ చేశాను. ఆయన నా వైపు చూడలేదు. పోలీసులు వచ్చేదాకా ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు. వాళ్లు బెల్టు అడిగితే నడుముకు చుట్టుకున్నది విప్పి ఇచ్చేశాడు. వాళ్ల నాయనది ఇంట్లో మిగిలిన వస్తువు అదొక్కటే. కేసుకు సాక్ష్యంగా ఇప్పుడు అది స్టేషన్లో ఉంది.

ఖమ్మం తీసుకుపోయినా కన్ను దక్కలేదు. ఆదామన్నను నౌకరీ నుంచి పక్కన పెట్టారు. పద్దెనిమిది రోజులు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. వచ్చిన ఆదివారం గ్రౌండు అంచున కూచున్నాడు. మేమూ అక్కడే ఉన్నాం. బంతి ఉంది గాని ఎవరూ తాకలేదు.

టేకులపల్లి వైపు రోడ్డు మీది నుంచి ఇద్దరు నడిచి వచ్చారు. దస్రు, వాడి తల్లి మంగ్లి. ఆమె నెత్తి మీద ప్లాస్టిక్ బకెట్ ఉంది. నేను లేచి ఎదురు పోయాను, కొట్టడానికి వచ్చిందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను కూడా. బకెట్ దింపితే పేడ కలిపిన నీళ్లు. మంగ్లికి తెలుగు అంతంతమాత్రం, అయినా ఎవరినీ తర్జుమా అడగలేదు.

"వేటకు పోయినోళ్లు వరుసల నిలబడుర్రి," అంది.

నిలబడ్డాం. ఒక్కొక్కరి నెత్తి మీదా చెంబుతో పోసుకుంటూ వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. నా వంతు వచ్చినప్పుడు నోట్లోకి పోయింది, ఉమ్మెయ్యడానికి మనసు రాలేదు. ఆదామన్న వరుసలో లేడు. ముందుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూచున్నాడు.

"అక్కా, బకెటంత నా మీదనే పొయ్యి."

"ఒక్కని మీద పొయ్యం," అంది మంగ్లి. "గది మాకు తప్పు. లేచి వరుసల నిలబడు."

లేచి రామ్‌సింగ్ పక్కన నిలబడ్డాడు. ఆయన మీదా మా అందరి మీద పోసినంతే పోసింది. తర్వాత చూస్తే వరుస చివర దస్రు నిలబడి ఉన్నాడు, కంటి మీద దూది కట్టుతో. నేను ఆగలేకపోయాను.

"వద్దమ్మా, వాడేం జేసిండు? దెబ్బలు తిన్నోడు."

"వీడు పోలేదా వేటకు?" అంది.

ఎడమ అరచేత్తో కొడుకు కట్టును కప్పి పట్టుకుంది, ఒక్క చుక్క లోపలికి పోకుండా. కుడి చేత్తో చెంబెడు నీళ్లు వాడి నెత్తి మీద పోసింది. దస్రు తల వంచి నిలబడ్డాడు. మాలో ఒకడిగా.

అప్పుడు ఏడ్చాడు ఆదామన్న. జైల్లో ఏడవని మనిషి, నాయన శవం దగ్గర ఏడవలేదని చెప్పుకునే మనిషి, పేడనీళ్లు కారుతున్న మొహంతో ఆమెను అడిగాడు.

"మా నాయన సచ్చిన నాడు నువ్వు యాడున్నవ్ అక్కా?"

ఆమెకు ఆ నాయన ఎవరో తెలియదు. బకెట్ బోర్లించి అడుగున ఉన్నది దులిపింది. టేకులపల్లి బస్సుకు వేళయిందని కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.