వడియాల పక్కన కాస్త చోటు

మా వీధికొచ్చే సర్కారు ఆసుపత్రి నర్సమ్మ పోయిందని మొన్న పొద్దున దుకాణం తెరుస్తుండగా తెలిసింది. నిద్రలోనే గుండె ఆగిందట. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. బతికుండగా ఆమె మాట విన్నవాళ్లం మా ఆళ్లగడ్డ బజారులో ఎంతమందిమి? నేనైతే వినలేదు.

మాది దుకాణం వెనక ఇల్లు. పాప పుట్టినప్పుడు బాలింత గదికి కిటికీ ఉన్నా మా అత్త తెర తీయనిచ్చేది కాదు. బిడ్డకు గాలి సోకుతుందట, ఎండకు నల్లబడుతుందట. నర్సమ్మ ప్రతి బుధవారం భుజాన సంచితో వచ్చి ముందు మిద్దె మీదికి చూసేది. అక్కడ వడియాలు ఎండుతుండేవి.

"ఏమ్మే, వడియాలకిచ్చే ఎండ బిడ్డకియ్యరా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. అదీ నా తెలివి.

ఏడాది నిండకముందే పాపకు జలుబు చేస్తే చాలు, ఊపిరాడక డొక్కలెగరేసేది. మాటిమాటికీ నంద్యాలకు పరుగు. చివరికి అక్కడి డాక్టరు రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి బాగా తక్కువగా ఉందన్నాడు. ఎముకలకే కాదు, ఊపిరితిత్తులు జబ్బును తట్టుకోవడానికీ అది కావాలట. చుక్కల మందు రాశాడు. వేడి చేస్తుందంది అత్త. మానేశాను. ఆమెను అని ఏం లాభం, సీసా నా చేతిలోనే కదా ఉండింది!

ఆ బుధవారం నర్సమ్మ సీసా ఎత్తి వెలుతురులో చూసింది. మందంతా అట్లే ఉంది.

"అల్మారాలో పెడితే అల్మారాకు బలమొస్తాది. బిడ్డకు యాడ్నుంచి వస్తాది?"

తానే చుక్కలు వేసింది. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా సీసా ఎత్తి చూడందే కదిలేది కాదు. అంతా ఆ చుక్కల వల్లేనని డాక్టరూ అనలేదు. పీల్చే మందు కూడా వాడాం. ఏమైనా పాప ఇప్పుడు బడికి పరుగెత్తుకుంటూ పోతోంది. నర్సమ్మకు ఒక్క మంచి మాట చెప్పలేదు నేను. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

ఈ పొద్దున చూస్తే, అదే గదిలో అదే తెర. లోపల మా తోటికోడలి నెల బిడ్డ. తెర లాగేసి, బిడ్డను ఎత్తుకుని మిద్దెక్కాను.

"ఏందే నువ్వు చేస్తాండేది? నల్లగైతాది!" అత్త కింద నుంచి అరిచింది.

"కానీలే అత్తా."

తోటికోడలు నా వెనకే మెట్లెక్కి వచ్చింది. ఇద్దరం వడియాల గుడ్డను పక్కకు జరిపి ఆ చోట్లోనే కూర్చున్నాం. లేత ఎండకు బిడ్డ కళ్లు చికిలించి, నా ఒడిలో ఒళ్లు విరుచుకుంది.