ధ్యానానికి వెళ్ళిన దగ్గు

ముందుగా శాలువాల మీద ఒక ఫిర్యాదు. షామీర్‌పేట చుట్టుపక్కల ఫాదర్‌ను ఏ సభకు పిలిచినా శాలువా కప్పకుండా పంపరు. మార్చి మధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద అయినా సరే కప్పుతారు. ఇరవై రెండేళ్ళుగా క్యాథలిక్ గురువుగా, హైస్కూలు లెక్కల టీచరుగా ఉన్నాను. నా ట్రంకు పెట్టెలో ఇప్పుడు శాలువాలు తప్ప ఇంకేమీ పట్టవు. సాక్సులు ఇచ్చినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఆ మార్చిలో స్కూలు వార్షికోత్సవం రోజు మళ్ళీ ఒకటి కప్పారు. వేదిక మీద అందరూ ఆహ్వాన పత్రికలతో విసురుకుంటున్నారు. నాకు మాత్రం శాలువా హాయిగా ఉంది. తీయబుద్ధి కాలేదు. సభ అయిపోయి కుర్చీలు సర్దేస్తున్నా కప్పుకునే కూర్చున్నాను. ఒంట్లో ఏదో తేడాగా ఉందని మొదట తోచింది అప్పుడే.

తపస్సు కాలం మొదలైన వారం అది. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మేము ఉపవాసాలుంటాం. ఆ నలభై రోజుల్లో బెల్టుకు మేకుతో రెండు కొత్త బెజ్జాలు పొడుచుకున్నాను. సాయంత్రమైతే కాస్త జ్వరం, తెల్లారేసరికి చెమట, పొద్దంతా దగ్గు. మా ఉపదేశి ఇన్నయ్య, అంటే ప్రార్థనలు నేర్పే పెద్దమనిషి, ఒక ఆదివారం పూజ అయ్యాక నన్ను అందరికీ చూపించాడు.

"ఫాదర్‌ను జూడుండ్రి. ఉపవాసమంటె గట్లుండాలె. మనం పొద్దుగాల మానేసి పగటికి రెండింతలు తింటున్నం."

నిజానికి ఆ ఏడు నేను కొత్తగా చేసిన ఉపవాసమేమీ లేదు. ఆకలి వేయక తినలేదు, అంతే. ఆ మాట అప్పుడే చెప్పవలసింది. పొగడ్త బాగానే ఉండటంతో ఊరుకున్నాను. ఊరుకోవడాన్ని వినయం అనుకున్నారు. అదీ బాగానే ఉంది.

దగ్గుకు కారణం మాత్రం ఊరందరికీ తెలుసు: జవహర్‌నగర్ చెత్త డంపు. గాలి మా వైపు తిరిగితే ఆ పొగకు, వాసనకు అందరం దగ్గుతాం. ఆ వాసన రాకూడదనే తొమ్మిదో తరగతి గది కిటికీలన్నీ బిగించి పాఠం చెప్పేవాణ్ణి. క్లినిక్ డాక్టరు చాక్‌పీస్ వల్ల డస్ట్ ఎలర్జీ అని ఒక యాంటీబయాటిక్, ఎర్ర సిరప్ రాశాడు. తగ్గలేదంటే ఆకుపచ్చ సిరప్ ఇచ్చాడు. తర్వాత పసుపుది. నా ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టాడు కానీ, ఆ సమయంలో ఫోన్ మాట్లాడుతున్నాడు.

ఈస్టర్ వెళ్ళిపోయింది. పండుగ బిర్యానీ నాలుగు ముద్దలు కూడా దిగలేదు. మా ఇంట్లో వంట చేసే యాదమ్మది అలియాబాద్. ఆమెకు మా తపస్సు కాలంతో పనిలేదు కాబట్టి లెక్క సరిగ్గా వేసింది. ఉతకడానికి వేసిన నా చేతిరుమాలు తెచ్చి బల్ల మీద పరిచింది. మధ్యలో నెత్తుటి మరక.

"పండుగై వారమాయె. ఇంకెవల కోసం ఎండుతున్నరు ఫాదర్? జల్దీ తయారుగాండ్రి, దవాఖానకు పోదాం."

మేడ్చల్‌లో సర్కారు దవాఖానకు వెళ్ళాం. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో క్యావిటీ, అదే గుల్ల, కనిపించింది. కఫం తీసి చేసిన స్పూటమ్ టెస్ట్ పాజిటివ్. సీబీనాట్ అనే ఇంకో పరీక్ష చేసి, మామూలు మందులకు లొంగే టీబీయేనన్నారు. దగ్గు డంపు వల్లేననుకుని క్లాసు కిటికీలు మూసి ఉంచుతున్నానని డాక్టరమ్మకు చెప్పాను. ఎప్పటినుంచి అని ఆమె అడిగితే తపస్సు కాలం మొదట్లో అన్నాను. వారాల్లో చెప్పమంది. లెక్కల టీచర్ని, వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఏడు.

"రెండు వారాలు దాటితే స్పూటమ్ ఇవ్వాలి ఫాదర్. ఏడు వారాలు కిటికీలు మూసి ఎంతమందికి పాఠం చెప్పారు?"

నలభై ఒక్క మందికి. అందరికీ ఈ వారమే స్క్రీనింగ్ జరగాలని ఆమె కాగితం మీద గీత గీసి మరీ రాసింది. తర్వాత మందు తాగుతారా అని అడిగింది. రోజూ ఉదయం ఆరున్నరకు ఒక గుటక అన్నాను. ఆమె పెన్ను ఆగింది. పూజలో ద్రాక్షరసమని వివరించాక మళ్ళీ కదిలింది.

ఆ కాగితం మా స్కూలు నడిపే కరస్పాండెంట్‌కు ఇచ్చాను. ఆయనా ఫాదరే, నాకంటే పెద్దవారు. అడ్మిషన్ల కాలం. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.

"టీబీ అన్న మాట గేటు దాటితే స్కూలు ఖాళీ అవుతుంది ఫాదర్. మీరు ఏకాంత ధ్యానానికి వెళ్ళారని చెబుదాం. ఎవరూ కారణం అడగరు."

ఈ ఏర్పాటు మా దగ్గరే కుదురుతుంది. మామూలు మాస్టారు నెల రోజులు కనబడకపోతే పిల్లలు ఇంటికొచ్చి చూస్తారు. ఫాదర్ కనబడకపోతే భక్తి పెరిగిందనుకుంటారు. మరి పిల్లల సంగతేమిటన్నాను. జూన్‌లో చూద్దామన్నారు. దవాఖాన నుంచి టీబీ సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే, సెలవులిచ్చేశాం, పిల్లలెవరూ లేరని చెప్పారట. ఎవరూ మాయమైపోలేదు. అలియాబాద్‌లోనో, జవహర్‌నగర్ కాలనీల్లోనో ఇళ్ళలోనే ఉన్నారు. చిరునామాలు ఆఫీసు రిజిస్టర్‌లోనే ఉన్నాయి.

గురుపట్టం పుచ్చుకున్న రోజు పీఠాధిపతి, అంటే మా బిషప్‌గారి చేతుల్లో చేతులు పెట్టి విధేయుడినై ఉంటానని మాట ఇచ్చాను. ఆ మాటలో పిల్లల ఊపిరితిత్తుల ప్రస్తావన లేదు. అయినా విధేయత చూపించాను. ధ్యానం పేరుతో నన్ను పంపిన దూలపల్లిలో ఒక గదిలో, మూడు పూటలా భోజనంతో, చాలా చక్కగా చూపించాను. కరస్పాండెంట్ మీద నాకు కోపముంది. నా మీద ఉన్నదానితో పోలిస్తే అది చిన్నదే.

టీబీ మాత్రలు మొదలుపెట్టి నెల తిరగకుండా కళ్ళు పచ్చబడ్డాయి. ఎల్ఎఫ్‌టీ అనే రక్తపరీక్ష చేసి, మాత్రలు లివర్‌కు పడలేదని ఆపేశారు. పది రోజుల తర్వాత ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టారు. ఆ పది రోజులూ మంచం మీద పడుకుని హాజరుపట్టీ గుర్తుచేసుకున్నాను. నలభై ఒక్క పేర్లూ వరసగా వచ్చాయి. ఫోన్ కూడా పక్కనే ఉంది. ఒక్కరికీ చేయలేదు.

జూన్‌కల్లా స్పూటమ్ నెగటివ్ వచ్చింది. స్కూలు తెరిచిన రోజు అసెంబ్లీలో కరస్పాండెంట్ నాకు శాలువా కప్పి, దీర్ఘ ధ్యానం ముగించుకుని వచ్చారని పిల్లలకు చెప్పారు. ఈసారి శాలువా కింద ఉక్కపోసింది. జబ్బు తగ్గిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. దాన్ని తీసి మైకు స్టాండు మీద వేసి, నాకు టీబీ వచ్చిందని, ధ్యానానికి వెళ్ళలేదని, తొమ్మిదో తరగతిలో నా పాఠం విన్న ప్రతి ఒక్కరూ పరీక్ష చేయించుకోవాలని చెప్పాను. ఇరవై రెండేళ్ళలో నా ప్రసంగాన్ని అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. స్కూలు ఖాళీ కాలేదు. ఇద్దరు టీసీ తీసుకున్నారు.

పరీక్షల్లో ఒక్క అమ్మాయికి పాజిటివ్ వచ్చింది. నస్రీన్, మొదటి బెంచీ. మే నుంచే దగ్గుతోందట. ఎవరి నుంచి వచ్చిందో కచ్చితంగా చెప్పలేమని డాక్టరమ్మ అంది. మంచి మనిషి.

ఇప్పుడు నా కోర్సు పూర్తయింది. నస్రీన్‌ది కూడా. కిటికీలు తెరిచే పాఠం చెబుతున్నాను. డంపు వాసన వస్తుంది, రానిస్తాను. చదివేవారికి ఒకటే మాట: దగ్గు రెండు వారాలు దాటితే ఉపవాసమని, పొగ అని పేరు పెట్టకుండా స్పూటమ్ ఇవ్వండి. పాజిటివ్ వస్తే మీ పక్కన కూర్చున్నవారికి ఆ రోజే చెప్పండి. ఎవరి అనుమతీ అడగకండి.

పోయిన వారం అలియాబాద్‌లో నస్రీన్ వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ ఫాతిమాబీ కూరగాయల మళ్ళలోంచి వచ్చి కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. క్షమించమని అడిగాను. కొత్తిమీర ముందేసుకుని కట్టలు కట్టడం మొదలుపెట్టింది. తర్వాత తలెత్తకుండానే అంది:

"ఫాదర్ ధ్యానంల కూసున్నరంటే నమ్మిన. దినాం మీ కోసం దువా జేసిన. నా పిల్ల పక్కనే దగ్గుతుండె. మీరు నిజం జెప్పుంటె గా దువా దీనికి జేస్కుందు."