ఆ పిల్లి ఏడవలేదు

మా మేనత్త పోయిందన్న కబురు పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. పొద్దున పాలు పోయడానికి వచ్చిన మనిషి తలుపు తడితే పలకలేదట. కిటికీలోంచి చూస్తే వంటింటి గడప దగ్గర పడి ఉందట. గుండె ఆగిపోయింది, బాధ పడి ఉండదని డాక్టరు అన్నాడట. ఆయనకెలా తెలుసో నాకు తెలియదు గానీ, ఆ మాటే పట్టుకుని చిత్తూరు నుంచి పుత్తూరు దాకా బస్సులో కూర్చున్నాను. పక్కింటామె ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట కూడా చెప్పింది.

"మీ అత్త పక్కనే ఆ పిల్లి కూసోనుండాది అమ్మణ్ణీ. కండ్ల నీళ్ళు పెట్టుకుంటా ఉండాది. నా కండ్లతో నేను సూసినాను."

నేను చేరేసరికి ఆ మాట వీధంతా పాకింది. శవాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు పిల్లి ఎక్కడుందని అడిగారు. సాయంత్రానికల్లా మా చిన్నాయన కొడుకు వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాడు. తెల్లటి బొచ్చు పిల్లి, నీలం కళ్ళు, చెంప మీద ముత్యంలాంటి చుక్క. కింద "మూగజీవి సైతం కన్నీరు కార్చిన వేళ" అని రంగుల అక్షరాలు. చూసినవాళ్ళంతా చేతులు జోడించారు.

ఆ పిల్లి ఏడవలేదు. నేనిది రాయడానికి సగం కారణం అదే. మా అత్త పిల్లి తెల్లది కాదు, మాసిన బూడిద రంగుది. ఒక చెవి సగమే ఉంటుంది. ఎడమ కంట్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అదొక తగ్గని జబ్బు. పొద్దునా సాయంత్రం చుక్కల మందు వేసి, గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి తుడిస్తే కాస్త ఆగేది. ఆ పొద్దున ఎవరూ మందు వెయ్యలేదు. వేసే మనిషి గడప దగ్గర పడి ఉంది. ఇంత చిన్న సంగతి తెలియని జనం, ఏడ్చే పిల్లి కథ అల్లుకుని ముక్కులు చీదారు.

అత్త కరెంటాఫీసులో బిల్లులు కట్టించుకునే కౌంటరు దగ్గర పనిచేసి రిటైరైంది. కౌంటరు మూసేశాక వచ్చినవాణ్ణి చూసినట్టే జీవితమంతా మనుషులను చూసింది. "ఏంది?" అన్నది ఆమె పలకరింపు. పెళ్ళి పత్రిక ఇచ్చినా "ఏంది?", కాళ్ళకు దండం పెట్టినా "ఏంది?". కొత్త చీర కట్టుకుని మురిసిపోతూ ఎదురుగా నిలబడితే "కొంగు నేలన ఈడుస్తా ఉండావు, ఎత్తుకో" అనేది. మామ పోయాక ఒక్కతే ఉండేది. పిల్లలు లేరు. అందుకు ఆమె కుమిలిపోవడం నేనెప్పుడూ చూడలేదు, మిగతావాళ్ళు మాత్రం ఆమె తరఫున బాగా కుమిలేవాళ్ళు.

పుత్తూరులో ఇల్లుండటం ఆమె ఖర్మ. మా వాళ్ళలో ఎవరికి ఎముక విరిగినా పుత్తూరు కట్టు కోసం అక్కడికే పరుగు. చెయ్యి మెడకు వేలాడేసుకుని బస్సు దిగి నేరుగా అత్త గుమ్మంలో తేలేవాళ్ళు. కట్టు కట్టించుకుని, అది మార్చే దాకా మంచమెక్కి కూర్చుని, ఆమె కలిపి పెట్టిన అన్నం తిని, ఎముక అతుక్కోగానే సంచి సర్దుకునేవాళ్ళు. కట్టు గొప్పదే, ఎముకలు చక్కగా అతుక్కునేవి. ఆ అతుక్కున్న చేత్తో అత్తకు ఫోన్ చేసి "ఎట్లుండావు" అని అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

అలాంటి ఇంటికి ఆ పిల్లి పెరటి గోడ దూకి వచ్చింది. నోట్లోంచి చొంగ, చొంగలో నెత్తురు, దగ్గరికి పోలేనంత కంపు. అత్త చెంబుడు నీళ్ళు విసిరి కొట్టింది. పోయినట్టే పోయి మరునాడు మళ్ళీ వచ్చింది. విసుగొచ్చి పెరుగన్నం పెడితే ఆత్రంగా మూతి పెట్టి, కెవ్వున అరిచి వెనక్కి దూకింది. మళ్ళీ ఆకలికి ముందుకొచ్చింది, మళ్ళీ అరిచింది.

"తింటా ఏడ్సేది నాకు గిట్టదు" అని అత్త దాన్ని ఒక మూతున్న ప్లాస్టిక్ బుట్టలో కుక్కి, తిరుపతిలో పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. సెలవని వచ్చి ఉన్న పాపానికి నన్నూ లాక్కుపోయింది.

వడమాలపేట దాటగానే బుట్ట అరవడం మొదలుపెట్టింది. కండక్టరు వచ్చాడు.

"ఏముండాది మా, ఆ బుట్టలో?"

"జబ్బు."

"ఏం జబ్బు?"

"అది తెలుసుకునేదానికే పోతా ఉండాము. నువ్వు టికెట్ కొట్టు."

కండక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. ముందు సీట్లో వాళ్ళు లేచి వెనక్కి పోయారు. తిరుపతి దాకా మాకు మహారాజుల్లాగా చోటు దొరికింది.

ఆసుపత్రిలో గేదెలకూ మేకలకూ మధ్య మా వంతు వచ్చింది. కుర్ర డాక్టరు ఓపిగ్గా నోరు తెరిచి చూశాడు, రక్తం తీసి పరీక్షకు పంపాడు. చిగుళ్ళన్నీ పుండ్లు, పళ్ళు పీకేస్తే తప్ప తిండి తినలేదు. మూత్రపిండాలు చాలావరకు పాడయ్యాయి. కంటి జబ్బు వచ్చి పోతూనే ఉంటుంది. ఇదంతా చెప్పి, కాస్త మొహమాటంగా, "ఇవేవీ పూర్తిగా నయమయ్యేవి కాదమ్మా. వీధి పిల్లి గదా, మీకు శానా శ్రమ" అన్నాడు.

అత్త అతని వైపు కౌంటరులోంచి చూసినట్టు చూసింది. "నయం చెయ్యమని నేనడిగినానా నాయనా? రేపు పొద్దున ఏం చెయ్యాల్నో అది చెప్పు."

అతను నవ్వి, కుర్చీ ముందుకు లాక్కుని, నిదానంగా అన్నీ చెప్పాడు. ఈ కథలో నాకు గౌరవం కలిగిన కొద్దిమందిలో ఆ కుర్రాడొకడు.

తర్వాత పళ్ళన్నీ తీయించింది. ఉడికించిన కోడి ముక్కలను పాత మిక్సీ జారులో మెత్తగా రుబ్బి, ఎండిపోకుండా నీళ్ళు కలిపి పెట్టేది. రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. దోమతెర కొక్కేనికి సీసా తగిలించి, పిల్లిని పాత తువ్వాల్లో చుట్టి, మెడ వెనక తోలు ఎత్తి పట్టుకుని సూది గుచ్చాలి. మొదటిసారి సూది తోలులో ఇటునుంచి దూరి అటునుంచి బయటికొచ్చింది. పిల్లికి ఎక్కాల్సిన నీళ్ళు నా మొహం మీద చిమ్మాయి. అత్త నన్ను తిట్టింది, పిల్లిని తిట్టింది, సూది చేసినవాణ్ణి తిట్టింది. మళ్ళీ గుచ్చింది.

ఆ పిల్లికి ఆమె పేరు పెట్టలేదు. "రా మే దరిద్రమా" అని పిలిచేది, అది వచ్చేది. నిమిరింది లేదు, ముద్దు చేసింది లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని దిగిన ఫోటో ఒక్కటి కూడా లేదు, అందుకే స్టేటస్ పెట్టిన మా తమ్ముడు ఎక్కడిదో తెల్ల పిల్లిని అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది. పిల్లి కూడా తక్కువది కాదు. మందు వేసిన ప్రతిసారీ ఆమె మణికట్టు గీకి పెట్టేది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బొత్తిగా ఖాతరు చేసేవాళ్ళు కాదు. అయినా మందు మాత్రం వేళ తప్పేది కాదు.

ఒకసారి మా చిన్నాయన స్కూటరు మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చాడు. అక్క ఇల్లు, తమ్ముడి హక్కు. కూర్చున్న చోటికే కాఫీ, కూర్చున్న చోటికే అన్నం. పిల్లి తిండి రుబ్బే జారు చూశాక మాత్రం ఆయన చట్నీ ముట్టడం మానేశాడు. ఒక మధ్యాహ్నం వరండాలో అది ఆయన పక్కన తుమ్మింది. ఆయన ఒక్క తన్ను తన్నాడు.

"ఇంకెన్నాళ్ళు సాకుతావక్కా దీన్ని? నయమయ్యేది లేదు, సచ్చేది లేదు."

అత్త అప్పుడు ఆయన కోసమే అన్నం కలుపుతోంది. చెయ్యి ఆపలేదు, గొంతు పెంచలేదు. "నీది అతుక్కుంటాది, పోతావు. దానిది అతుక్కోదు, ఈడనే ఉంటాది. ఈ ఇంట్లో సుట్టం ఎవురో సూసుకోరా" అని కంచం ఆయన ముందు పెట్టింది. చిన్నాయన అన్నమంతా తిన్నాడు. అభిమానం ఆకలికి అడ్డురాని మనిషి.

నాకు చిన్నప్పటినుంచీ ఆయాసం. పిల్లి వెంట్రుకలు అసలే పడవు, పిల్లులంటే నాకు ఇష్టమూ లేదు. ఆయాసం ఉన్నవాళ్ళకు మా ఇళ్ళలో ఒకటే పలకరింపు: "తగ్గిందా?" లేదంటే ఎదుటి మొహం మాడిపోతుంది, నేనేదో మాట తప్పినట్టు. ఆ పైన ఆకు పసర్లు, కషాయాలు, ఫలానా వాళ్ళ అల్లుడికి తగ్గిన వైనం. ఇన్నేళ్ళలో అత్త ఒక్కసారీ తగ్గిందా అని అడగలేదు. "పీల్చేది తెచ్చుకున్నావా?" అనేది, అంతే. నేను వస్తున్నానంటే పిల్లిని వెనక వరండాలోకి మార్చి, గది తడిగుడ్డతో తుడిచి, దిండు గలీబులు మార్చి ఉంచేది. చేశానని చెప్పేది కాదు. అడిగితే "ఏంది?" అనేది.

ఒక చలికాలం ఊపిరి ఆడక నాలుగు రోజులు ఆమె దగ్గరే ఉన్నాను. అనపకాయలు వలుస్తున్న అత్తతో, "నాకిది జన్మలో తగ్గదేమో అత్తా" అన్నాను.

"తగ్గకుంటే తగ్గకపోనీ. తగ్గనోళ్ళు బతకరా?" అంది, చేతిలో కాయ వదలకుండా.

నేను లేచి స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. అది దుఃఖం కాదు. మనసును అంత తేలిక చేసే మాట నాతో అప్పటిదాకా ఎవరూ అనలేదు.

దినాలకు అందరూ వచ్చారు. పుత్తూరులో అతుక్కున్న చేతులూ కాళ్ళూ అన్నీ వచ్చాయి, వడలూ పాయసం బాగా తిన్నాయి. తిన్నాక ఒక్కొక్కరూ అత్త మంచితనం చెప్పుకొచ్చారు. ప్రేమమూర్తి అన్నారు. బతికుంటే ఆమె అందరినీ చూసి "ఏంది?" అని ఉండేది.

చిన్నాయన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "పిల్లలు లేరు గదా పాపం, ఆ పిల్లినే బిడ్డనుకుని సాకినాది మా అక్క."

నాకు ఒళ్ళు మండింది. పిల్లలు లేనామె ఏం చేసినా పిల్లలు లేకే చేసిందంటారు వీళ్ళు. బిడ్డలుంటే ఆ పిల్లిని తరిమేసి ఉండేదనా వీళ్ళ లెక్క? ఆమె దాన్ని బిడ్డనుకోలేదు, దేవుడనుకోలేదు. అది జబ్బు పిల్లి, ఆమె ఇంటికి వచ్చింది, ఆమె చూసుకుంది. దానికింకో కారణం కావలసిన వాళ్ళను చూస్తే నాకు జాలి కూడా కలగదు.

తర్వాత ఇంటికి తాళం వేసే మాట వచ్చింది. కళ్ళొత్తుకున్న ఆ మనిషే లేచి గోనెసంచి ఎక్కడుందని అడిగాడు.

"దాన్ని చేపల మార్కెట్ కాడ ఇడిసిపెడదాం. తలకాయలు, ముండ్లు కావాల్సినన్ని పడుంటాయి ఆడ. రాజా మాదిరి బతుకుతాది."

"అంతే నాయనా, అదే మంచిది" అన్నాడు స్టేటస్ పెట్టిన కొడుకు.

"చిన్నాయనా, ఆ పిల్లికి పండ్లెన్ని?" అని అడిగాను.

"ఏం పండ్లు?"

"నోట్లో పండ్లు. ఎన్నుండాయి?"

"అన్ని పిల్లులకూ ఉన్నన్ని ఉంటాయి గదమ్మా" అంది ఎవరో పెద్దామె.

వెనక వరండాలోకి పోయి దాన్ని పట్టుకొచ్చాను. అత్త పట్టుకున్నట్టే దవడ పట్టి, అందరి మధ్యా దాని నోరు తెరిచి చూపించాను. చిగుళ్ళు తప్ప ఏమీ లేవు. వీళ్ళలో ఆ ఇంట్లో నెల్లాళ్ళు తిని పడుకున్నవాళ్ళున్నారు. పొద్దుటినుంచీ ఆమెకు ఆ పిల్లి మీదున్న ప్రేమ గురించి కథలు చెప్పినవాళ్ళున్నారు. దానికి పళ్ళు లేవని ఒక్కరికీ తెలియదు. అంతలో తమ్ముడు ఫోన్ పైకెత్తి ఫోటో తీసుకున్నాడు.

నేను ప్లాస్టిక్ బుట్ట వెతికి పిల్లిని అందులో పెట్టాను.

"నీకు పడదు గదమ్మా. ఏం, ఆయాసం తగ్గిందా?" అన్నాడు చిన్నాయన.

"తగ్గలేదు. తగ్గదు కూడా" అని చెప్పి బయటికి వచ్చి బస్సెక్కాను.

చిత్తూరులో మా ఇంటి వెనక బట్టలుతికే చోట దాన్ని ఉంచాను. ఇది చదివి నన్ను కూడా ప్రేమమూర్తి అనేస్తారేమో, దయచేసి అనకండి. అదంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, నేనంటే దానికి అసలే లేదు. మాస్కు పెట్టుకుని దగ్గరికి పోతాను, పని కాగానే చేతులు కడుక్కుని లోపలికి వస్తాను. ఇవాళ మొదటిసారి, పట్టుకునే మనిషి లేకుండా, నేనొక్కదాన్నే సెలైన్ పెట్టాను. బట్టల తీగకు సీసా కట్టి, తోలు ఎత్తి పట్టుకుని గుచ్చితే సూది సరిగ్గానే దిగింది. గొట్టంలో నీళ్ళు బొట్లు బొట్లుగా కదలడం చూస్తుంటే అత్త లేదన్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది. చెయ్యి కదిలితే సూది జారుతుందని కళ్ళు కూడా తుడుచుకోలేకపోయాను.

సూది తీశాక భుజం దగ్గర తోలు కింద నీళ్ళు ఇంత గడ్డలాగా ఉబ్బి నిలిచాయి. పిల్లి ఒళ్ళు విదిలించుకుని, నా వైపు తిరిగి కూడా చూడకుండా, ఆ గడ్డను ఊపుకుంటూ పోయి ఎండలో గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. కాసేపటికి గడ్డ భుజం నుంచి ముందుకాలి మీదికి జారింది. సాయంత్రం బట్టలు తీయడానికి పోయి చూస్తే లేదు, ఒంట్లోకి ఇంకిపోయింది. ఎల్లుండి మళ్ళీ పెట్టాలి.