పొన్నచెట్టు ముందు అట్టగోపురం

కావలిలో మా ఆయన కొని వెనక సీటు కింద పెట్టిన ఎండు నెత్తళ్ళ వాసన ఏసీలో కలిసి నా చీరకీ, తలకీ, చివరికి తాగే నీళ్ళకి కూడా పట్టింది. అద్దాలు దించమంటే ఉప్పుగాలికి కారు పాడవుతుందంటారు. పిల్లలు చదువులకు వెళ్ళిపోయాక ఆయనకు పట్టిన పిచ్చి ఇది: సముద్రం పక్క రోడ్డు పట్టుకుని, పాత సినిమాలు తీసిన చోట్లనూ, దారిలో ఎవరైనా పెద్దదన్న ప్రతి చెట్టునూ చూడటం. బిట్రగుంట రైల్వే కాలనీలో నిద్రగన్నేరు కింద నన్ను నిలబెట్టి, చెట్టు మొత్తం రావాలని వెనక్కి వెనక్కి నడిచి, ఫోటోలో నన్ను మిరపగింజంత చేశారు. మోకాళ్ళు నావి, అభిరుచి ఆయనది. ఇక శ్రీహరికోట వైపు దిగుతూ ఆగాల్సింది నేను పుట్టిపెరిగిన మా పాళెంలోనే. అక్కడ ఒక సినిమా తీశారు, ఒక పెద్ద చెట్టూ ఉంది. ఒక్క దెబ్బకు రెండూ అయిపోతాయని ఆయన సంబరం. నాకు మాత్రం ఆ నెత్తళ్ళ వాసన వెంట మా నాయన తెప్ప కదిలివస్తోంది.

మా పాళెం ఇసుకదిబ్బ మీది పొన్నచెట్టు వేళ్ళ మధ్య ఆడపిల్లలం అచ్చనగాయలు ఆడుకునేంత గది ఉండేది. పూసినప్పుడు తెల్లటి పూలు రాలి, చేపల నీచు వాసనను కాసేపు దబాయించేవి. పచ్చికాయలు మగపిల్లలకు గోలీలు. ఎండినవి మా అవ్వకు దీపం నూనె, నాయనకు తెప్ప దుంగల పూత. గంగమ్మ జాతర వస్తే ఆ చెట్టు కిందే పొయ్యిలు పెట్టి పొంగళ్ళు పొంగించేవాళ్ళు. పసుపునీళ్ళూ వేపాకులూ పొగా కలిసిన ఆ వాసనలో మేం వేటకూర ఎప్పుడుడుకుతుందా అని పొయ్యి చుట్టూ తిరిగేవాళ్ళం. తెల్లవారుజామున నాయన, రాత్రి మిగిలిన మామిడికాయ చేపల పులుసు చద్దన్నంలో కలుపుకుని తిని వేటకు వెళ్ళేవాడు.

మగవాళ్ళకు చెట్టు నీడతో పనిలేదు. సముద్రంలోంచి చూడటానికే వాళ్ళకది కావాలి. ఒడ్డు సన్నటి గీతయిపోయాక, ఆ గీత మీద పొన్నచెట్టు తల ఏనుగు వీపులా లేస్తుందని నాయన చెప్పేవాడు. చెట్టు కనబడితే మా పాళెం. దక్షిణాన ఇంకో పాళేనికి గుడిగోపురం గుర్తు. గోపురం కనబడిందంటే నీటివాలు దక్షిణానికి లాగేసిందని అర్థం, తెరచాప తిప్పుకుని ఉత్తరానికి రావాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు సినిమావాళ్ళొచ్చారు. వాళ్ళకు సముద్రపు ఒడ్డున గుడి కావాలి. వెదుళ్ళూ గోనెపట్టలూ అట్టలూ తెచ్చి, గోపురాన్ని ఇసుక మీద పడుకోబెట్టి కట్టి, బంగారు రంగు పూసి, ఒకరోజు తెప్పలన్నీ వేటకు వెళ్ళాక, తాళ్ళేసి లాగి సరిగ్గా పొన్నచెట్టు ముందర నిలబెట్టారు. చెట్టు కొస తప్ప అంతా దాని వెనక్కి పోయింది. మేం గంతులేశాం. మా అమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది.

దగ్గర్లో వేటాడిన తెప్పలు, ఆ గోపురం పైకి లేవడం చూసినవి కనక, మధ్యాహ్నానికే వచ్చేశాయి. వంజరం చేపల కోసం లోపలికి వెళ్ళిన నాయనా చిన్నాయనా రాలేదు. పొద్దు వాలుతుండగా నాయన తెప్ప ఎర్రమట్టి రంగు తెరచాప కనబడింది. దగ్గరికొచ్చింది, కాసేపు నిలిచింది, ఉత్తరానికి తిరిగింది. పిల్లలం అరిచాం. మా గొంతులు అలల దాకా కూడా పోలేదు.

అవ్వ వెళ్ళి, నల్లకళ్ళద్దాల మేనేజరు ముందు నిలబడింది. "చెట్టుకు ముసుగేసినారు. నా బిడ్డ ఎట్టొస్తాడు?"

"గోపురం ఆకాశమంత ఉంది కదవ్వా, ఇంకా బాగా కనిపిస్తుంది."

"కనపడేదే గదబ్బయా కష్టం. దాన్ని పడుకోబెట్టు."

"హీరోగారొచ్చే టైమయింది."

"నీ హీరో కారులో వస్తాడు. మావోడు యాడికి పోతాడో?"

అవ్వ తనే తాడు పట్టుకుంది. ఆడవాళ్ళు వెనక చేరారు. మగవాళ్ళు, గుంపులో నిలబడేందుకు సినిమావాళ్ళిచ్చిన పట్టుపంచెలు కట్టుకుని, ఇసుకంటుతుందేమోనని తటపటాయించారు. వాళ్ళూ కదిలేసరికి తెరచాప బియ్యపుగింజంతయింది.

మర్నాడు నాయన ఒడ్డు వెంట ఒంటరిగా నడిచొచ్చాడు. ఎంత పోయినా చెట్టు కనబడక, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర ఒడ్డుకు తిప్పితే అలలు తెప్పను విప్పేశాయి. దుంగల మధ్య నలిగిన కాలితో చిన్నాయన ఎవరి గుడిసెలోనో ఉన్నాడు. మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదాయన. నాయన ఆ అట్టగోపురాన్ని తడిమి చూశాడు. "చెట్టు కొస కనపడిందిమా," అన్నాడు అవ్వతో. "గోపురముంటే మన చెట్టెట్టయితాది అనుకున్నా."

సినిమావాళ్ళను ఎవరూ ఒక్క మాటనలేదు. అంత అనుభవమున్నవాడు సొంత ఊరు ఎలా దాటిపోయాడని మాత్రం ఏళ్ళ తరబడి నాయన ముందే నవ్వారు.

ఆ సినిమా పక్క ఊరి టెంటుహాలుకొచ్చినప్పుడు పాళెమంతా వెళ్ళాం. పాటలో గోపురం పక్కన హీరోయిను, దూరంగా సముద్రం మీద ఒక ఎర్ర తెరచాప. వచ్చి, నిలిచి, తిరిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళ కెమెరా అటు తిరిగి ఉందని అప్పుడే తెలిసింది. హాలంతా ఆహా అంది. "అది మావోడు," అంది అవ్వ. "ఉండవ్వా, పాట ఇననీ," అన్నాడు ముందువరసాయన. నాయన అప్పటికే బయటికెళ్ళిపోయాడు.

కారు దిబ్బ దగ్గర ఆగింది. దిబ్బ అని అలవాటుకొద్దీ అంటున్నాను, ఇసుక తవ్వుకుపోయి చదునైపోయింది. తుపాన్లకు సగం విరిగినా పొన్నచెట్టు ఉంది. ముందర సరుగుడు తోటలు, రొయ్యపిల్లల షెడ్లు. సముద్రంలోంచి కనిపిస్తుందా అని వల బాగుచేస్తున్నతన్ని అడిగాను. "చెట్టెందుకక్కా, పడవలో దోవ చూపే మిషనుండాది గదా," అన్నాడు. తెప్ప ఒక్కటి లేదు.

మా ఆయన ఫోన్లో ఆ పాట పెట్టారు. పెళ్ళయినప్పటినుంచీ ఈ పాట మీద మాకు తగువే. ఆయనకది గొప్ప షాటు. ఈసారి ఫోను నా వైపు తిప్పారు. నాయన పోయి చాలా ఏళ్ళయింది. రేషన్ కార్డు ఫోటో తప్ప ఇంట్లో ఆయన బొమ్మ లేదు. సముద్రం మీదున్న మా నాయన ఈ లోకంలో ఇందులో మాత్రమే ఉన్నాడు, ఇందులోనూ మమ్మల్ని విడిచి వెళ్ళిపోతూనే ఉన్నాడు.

మళ్ళీ పెట్టమన్నాను. తెరచాప తిరిగే ముందు ఆపమన్నాను. ఆ ఎండలో ఎన్నిసార్లు పెట్టినా, ఆయనకు సరిగ్గా అక్కడ ఆపడం చేతకాలేదు.