ఆమేన్ దొరకని ప్రార్థన

నోటికి నాలుకనిచ్చి, అది ఊరి మీద పడకుండా ముందు పళ్ల వరసను కంచెగా వేసిన దేవునికి స్తోత్రం. కంచె దూకే నాలుకలు కూడా కొన్ని ఉంటాయని తెలిసీ, అలాంటివాళ్లను తన సంఘంలో ఉండనిస్తున్న ఆయన ఓర్పుకు మరీ మరీ స్తోత్రం. ఆ ఓర్పే లేకపోతే గుడివాడలో ఆ మధ్యాహ్నం నేల చీలి నన్ను లోపలికి లాక్కునేది. లాక్కోలేదు. పైగా సున్నుండ పెట్టారు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వదలచుకున్నవాళ్లు నవ్వండి, నేనేమీ అనుకోను. అనుకునే అర్హత ఆ రోజే పోయింది.

అవి బందరుకూ గుడివాడకూ మధ్య రైలెక్కి దిగేసరికి బొగ్గునుసితో అందరమూ ఒకే రంగులోకి వచ్చే రోజులు. నా పేరు జ్ఞానరత్నం. పేరు పెట్టినవాళ్లు కాస్త తొందరపడ్డారు. పంతుళ్ల ట్రైనింగు ముగించుకుని, బందరులో మా పాస్టరు అయ్యగారి కాంపౌండులో ఒక గదిలో ఉండేవాణ్ణి. నాతోపాటు నా స్నేహితుడు సత్యానందం. వాడిది దివిసీమలో హంసలదీవి పక్క పల్లె. సత్యం రోజంతా మాట్లాడిన మాటలు అగ్గిపెట్టెలో పట్టేవి. నావి పట్టాలంటే ధాన్యం కొట్టు కావాలి.

నాకు గొప్ప ప్రసంగీకుణ్ణి కావాలని కోరిక. కూటంలో ఎవరు ప్రార్థన చేస్తారని అడగ్గానే అందరికంటే ముందు నా గొంతే లేచేది. ఒకరోజు అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"జ్ఞానరత్నం, నీ ప్రార్థనలో మొదటి ముక్క నాది. మధ్య ముక్క అవనిగడ్డ ఉపదేశిగారిది. చివర ఆ వెక్కిళ్లు మా ఆవిడవి. నీదేదోయ్?"

"అన్నీ కలిపి కుట్టింది నేనే కదండీ అయ్యగారూ!"

"అది దర్జీపని. భక్తి కాదు," అని, మా ఇద్దరికీ ఒక అభ్యాసం నేర్పారు. ఎవరిదైనా ఒక్క మాట అరువు తెచ్చుకోవాలి. బజారులో విన్నదైనా సరే, గోడ మీద చదివినదైనా సరే. దాన్ని కాగితం మీద మొదటి వరసగా పెట్టుకుని, అక్కడి నుంచి మనసులో ఏది వస్తే అది రాసుకుపోవాలి. ఆలోచించకూడదు, దిద్దకూడదు, కలం ఎత్తకూడదు. కుంపటి మీద టీ నీళ్లు మరిగి పొంగేదాకా అంతే. పొంగిన చప్పుడు వినబడగానే ఆపి, ఒకరిది ఒకరు చదువుకుని, ఆ కాగితాలు అదే కుంపట్లో పెట్టేయాలి.

"మొదటి వరస అరువుదే. రెండో వరస నుంచి దేవుడికి నువ్వు కనబడాలి," అన్నారు అయ్యగారు.

మేం దానికి ఇంకో నియమం చేర్చుకున్నాం. ఎవరి కలమైనా ఆగితే రెండోవాడు మోచేత్తో డొక్కలో పొడవాలి. పొడిస్తే ఆగకు, సాగించు అని అర్థం. ఈ పోటును గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఇక సాయంత్రాలు అరువు మాటల వేటే. చేపలమ్మే ఆమె ఎవరితోనో, "చేప తాజాదే బాబూ, నీ మొహమే వాడింది," అంటే అది మూటగట్టుకుని వచ్చాం. ఆ వరస మీద నేను రెండు పేజీలు ఏడ్చాను. రైలు పెట్టెలో రాసి ఉంటుందే, అనవసరంగా గొలుసు లాగరాదని, దాన్ని తెచ్చుకున్న రోజు సత్యం రాసింది చదివి నేను టీ తాగడం మర్చిపోయాను. చిన్నప్పుడు పడవలో వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని కూర్చోవడం, ఆ నాన్న పోయాక నీళ్లంటేనే భయం పట్టుకోవడం, ఆ భయం ఎవరితోనూ చెప్పుకోలేకపోవడం, అన్నీ రాశాడు. అగ్గిపెట్టె మాటల మనిషి లోపల ఇంత ఉందా అనుకున్నాను.

ఇంకొక రోజు ఒక అమ్మాయి సంగతి బయటపడింది. గుడివాడ సభల్లో జనానికి మంచినీళ్లు అందించిన పిల్ల. పేరు సుగుణ. ఆమె చేతి గ్లాసు కోసం దాహం లేకపోయినా మళ్లీ మళ్లీ అడిగి తాగాడట. ప్రసంగం ఒక్క ముక్క వినలేదట, కడుపులో నీళ్లు కదులుతున్న చప్పుడే వినబడిందట.

"రత్నం, ఇది కుంపట్లోనే ఉండిపోవాలి రా," అన్నాడు.

"నా నోరు సమాధి రా సత్యం," అన్నాను.

చదివేవారు ఇక్కడొక్కసారి నిట్టూర్చవచ్చు.

దేవుడి దయ చూడండి, ఆ సంబంధమే వచ్చింది. సత్యాన్ని పెంచిన మేనత్త మార్తమ్మగారు ఎవరి ద్వారానో కబురు పెట్టించారు. గుడివాడవాళ్లు రమ్మన్నారు. సత్యానికి మూడు రోజులు అన్నం దిగలేదు. ఈ పిల్ల కాకపోతే ఇక పెళ్లే వద్దని ఒక్క మాటలో తేల్చేశాడు. వాడి ఒక్క మాట నా వందకు సమానం.

మార్తమ్మగారు మాత్రం యుద్ధానికి బయల్దేరినట్టు సిద్ధమయ్యారు.

"కోటు లేకుండా పెళ్లిచూపులేమిట్రా? రత్నం, నీది వాడికియ్యి. చేతికి గడియారం ఎవరినైనా అడుగు. ఉద్యోగం అడిగితే ఖాయమైందని చెబుదాం."

"అత్తయ్యా, నాది సెలవు మీద వెళ్లిన పంతులుగారి స్థానం. ఆయన తిరిగొస్తే నేను ఇంటికే," అన్నాడు సత్యం.

"ఆయన వచ్చేలోపు పెళ్లయిపోతుంది. నోరు మూసుకో!"

నా కోటు వాడికి పోయింది. మరి నాకు? పెళ్లికొడుకు పక్కన స్నేహితుడు వట్టి చొక్కాతో నిలబడితే బాగుంటుందా? అయ్యగారి నల్లకోటు దర్జీ దగ్గర ఉంది, చేతులు పొడవు చెయ్యడానికి ఇచ్చారు. తెచ్చిపెట్టమని నాకే చెప్పారు. తెచ్చాను. "ఇంకా అవలేదండీ, దర్జీ దగ్గర దారం అయిపోయిందట," అని చెప్పి నా పెట్టెలో దాచాను. ఆయన ఎలాగూ అవనిగడ్డ సంఘానికి వెళ్తున్నారు. ఆయన వచ్చేసరికి దర్జీకి దారం దొరుకుతుంది కదా!

గుడివాడలో ఇల్లు పెద్దదే. మమ్మల్ని కూర్చోబెట్టింది సుగుణ నాయనమ్మ రాహేలమ్మగారు. ఆవిడ చూపు వడ్రంగి గీత కొట్టే తాడులా సూటిగా పడుతుంది. పక్కన వాళ్లాయన, చెవులు పూర్తిగా పోయిన పెద్దమనిషి. గది మధ్యలో హార్మోనియం, బల్ల మీద సున్నుండలు.

"సున్నుండలు మా పిల్ల చేసింది. హార్మోనియం కూడా బ్రహ్మాండంగా వాయిస్తుంది," అన్నారు రాహేలమ్మగారు.

"మా వాడికి ఉద్యోగం ఖాయమైందండి. భయమంటే ఏమిటో తెలియదు," అన్నారు మార్తమ్మగారు.

సత్యం నా కోటులో, చేతికి అరువు గడియారంతో, చెమటతో ఉడుకుతున్నాడు. సుగుణ వచ్చి తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. వీడు తల ఎత్తలేదు. అంతా చక్కగా నడుస్తోంది. ఇంతలో గుమ్మంలో ఎవరో చెప్పులు విడిచారు.

అయ్యగారు!

అవనిగడ్డ పని ముందే అయిపోయిందట. సత్యం మీద ప్రేమకొద్దీ నేరుగా వచ్చేశారు. నన్ను చూశారు. తర్వాత నా గుండీలు చూశారు. మూడో గుండీ దగ్గర ఆగారు. మిగతావి నలుపు, అదొక్కటే గోధుమరంగు. పాస్టరమ్మగారు కుట్టింది. నా లోపల ఒక రైలు పట్టాలు తప్పింది.

"ఏమిటి అయ్యగారూ, కోటు లేకుండా వచ్చారు?" అన్నారు రాహేలమ్మగారు.

"దర్జీ దగ్గర దారం అయిపోయిందటమ్మా," అన్నారు ఆయన, నా మూడో గుండీతో మాట్లాడుతున్నట్టు.

నేను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను.

"సరే, మా ఇంట్లో దాపరికం లేదండీ, ఉన్నది ఉన్నట్టే మాట్లాడుకుందాం," అన్నారు రాహేలమ్మగారు, నా వైపు తిరిగి. "ముందు ప్రార్థన. అబ్బాయ్, బందరులో నీ ప్రార్థనకు పేరుందట. నువ్వు చెయ్యి."

అందరూ కళ్లు మూసుకున్నారు. మా సంఘాల్లో ప్రార్థన మొదలైతే దాన్ని ఎవరూ ఆపకూడదు. కళ్లు తెరవకూడదు, మధ్యలో ఆమేన్, స్తోత్రం తప్ప మాట్లాడకూడదు. చేసేవాడే చివరి ఆమేన్ అనాలి, అంతే. రైల్లోనైనా లాగడానికి ఒక గొలుసు ఉంటుంది.

నా తలలో భయం తప్ప ఏమీ లేదు. కలిపి కుట్టుకున్న పాత ముక్కలన్నీ మాయమయ్యాయి. ఎదురుగా వాటి సొంతదారు కూర్చుని ఉన్నారాయె. నోటికి అందింది ఒక్కటే, అప్పుడే విన్న రాహేలమ్మగారి మాట.

"ప్రభువా, ఈ ఇంట్లో దాపరికం లేదు..."

అంతే. అరువు వరస పడింది. నెలల తరబడి అలవాటైన గుర్రం కళ్లెం తెంచుకుంది.

"దాపరికం లేదు ప్రభువా, నీ దగ్గర అసలే లేదు, సత్యం తొడుక్కున్న కోటు నాదని నీకు తెలుసు..."

"ఆమేన్!" అన్నారు తాతగారు. ఆయనకు ఒక్క ముక్క వినబడదు, అందుకే ఆయన ఒక్కరికే కళ్లు తెరిచి ఉండే సెలవు. ఎదుటివాడు ఊపిరి తీసుకోవడానికి ఆగితే పెదవులు చూసి ఆమేన్ అంటారు. ఆయన అంటే ఇల్లంతా అలవాటుగా, "ఆమేన్!" అంటుంది.

"ఆ చేతి గడియారం నడవదని నీకు తెలుసు..."

"ఆమేన్!"

"ఆ ఉద్యోగం వేరే పంతులుగారిదని నీకు తెలుసు..."

"ఆమేన్! స్తోత్రం!"

ఇది మార్తమ్మగారి గొంతు. అలవాటుగా వచ్చేసింది. వెంటనే దగ్గు కూడా వచ్చింది.

నా డొక్కలో పోటు పడింది. సత్యం మోచెయ్యి! పాపం, వాడు ఆపమని పొడిచాడు. కానీ అన్ని నెలలుగా నా డొక్కకు తెలిసిన అర్థం ఒక్కటే. సాగించు! నేను వేగం పెంచాను.

"వీడికి నీళ్లంటే భయమని నీకు తెలుసు ప్రభువా, పడవలో వాళ్ల నాన్న చెయ్యి ఇంకా వెతుక్కుంటున్నాడని నీకు తెలుసు..."

ఇంకొక పోటు.

"నీళ్లంటే భయపడే ఈ మనిషే సభల్లో సుగుణగారి చేతి నీళ్లు దాహం లేకపోయినా కడుపు చెరువయ్యేదాకా తాగాడని నీకు తెలుసు..."

ఈసారి ఆమేన్ రాలేదు. తాతగారికి కూడా ఏదో తేడా తెలిసినట్టుంది. ఆ నిశ్శబ్దంలో వంటింట్లోంచి కాఫీ నీళ్లు పొంగి పొయ్యిలో పడిన చప్పుడు, చుయ్ మని. నా నోరు దానంతటదే మూతపడింది.

"ఆమేన్."

కళ్లు తెరిచాను. సత్యం నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కుంపట్లో కాలిపోయిన కాగితం చూసినట్టు చూశాడు. ఈ పిల్ల పోయింది, నా వల్ల పోయింది అనుకున్నాను. అప్పటిదాకా చేసిన ప్రార్థనలన్నింటిలో నిజంగా నాది ఆ క్షణంలో చేసిన మౌన ప్రార్థనే. అందులో మాటలు లేవు.

రాహేలమ్మగారు తలుపు వైపు తిరిగారు.

"సుగుణా, అబ్బాయి వైపు ప్రార్థన అయింది. మన వైపు నువ్వు చెయ్యి."

మళ్లీ కళ్లు మూసుకున్నాం. సన్నటి గొంతు, కానీ తడబాటు లేదు.

"ప్రభువా, ఈ ఇంట్లో దాపరికం లేదు. ఆ హార్మోనియం మందిరానిది. నాకు ఒక్క కీర్తన, అదీ మొదటి చరణమే వచ్చు. సున్నుండలు పక్కింటి పిన్నిగారివి..."

"సుగుణా!" అన్నారు రాహేలమ్మగారు, కళ్లు మూసుకునే.

"...నాయనమ్మకు కోపం తగ్గించు తండ్రీ. సభల్లో ఆయనకు దాహం లేదని నాకు అప్పుడే తెలుసు. అందుకే చివర్లో సగం సగం గ్లాసులే ఇచ్చాను, పాపం కడుపునొప్పి వస్తుందని. భయం ఉందని చెప్పుకునే మనిషితో నాకు భయం లేదు. ఆమేన్."

"ఆమేన్," అన్నాడు సత్యం. జీవితంలో వాడు అంత గట్టిగా అన్న మాట అదొక్కటే.

తాతగారు సంగతేమిటని సైగ చేశారు. రాహేలమ్మగారు ఆయనకు పెదవులు కనబడేలా ఎదురుగా వంగి అరిచారు. "పిల్లకు నచ్చాడట! కోటు నచ్చలేదు, మనిషి నచ్చాడు!" తాతగారు, "స్తోత్రం!" అన్నారు. మార్తమ్మగారు ఏడవాలో నవ్వాలో తేలక రెండూ చేశారు. నేను సింహాసనం ఎక్కినవాడిలా నిటారుగా కూర్చున్నాను. చూశారా, నా ప్రార్థన మహిమ! పక్కింటి పిన్నిగారి సున్నుండ ఒకటి చేతిలోకి తీసుకున్నాను కూడా.

"ముగింపు ప్రార్థన మీరు చెయ్యండి అయ్యగారూ," అన్నారు రాహేలమ్మగారు.

అయ్యగారు లేచి నిలబడ్డారు. కళ్లు మూసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"ప్రభువా, ఈ ఇంట్లో దాపరికం లేదు. ఈ జ్ఞానరత్నం ప్రార్థన ఇవాళ మొదటిసారి వాడి సొంతమైంది. అందుకు నీకు వందనాలు. వాడు తొడుక్కున్న కోటు మాత్రం నాది. ఆమేన్."

"ఆమేన్!!" ఇల్లు దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా, ఒక్క ముక్క వినబడని తాతగారు.

నేను తిరిగి బందరు వచ్చింది వట్టి చొక్కాతో. పెడన దాటాక సత్యం నా డొక్కలో ఒక్కటి పొడిచాడు. ఎందుకురా అని అడిగితే, "ఆ రెండు పోట్లకూ ఇప్పుడు అర్థం చెబుతున్నా," అన్నాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, చాలాసేపు తనలో తను నవ్వుకున్నాడు. పెళ్లికి నన్ను ప్రార్థనకు లేపారు గానీ, రాహేలమ్మగారు, సత్యం చెవిన వేసి ఉంటాడు, ముందే పొయ్యి మీద చిన్న గిన్నెలో గుక్కెడు నీళ్లు పెట్టించి, పక్కనే కూర్చున్నారు.

కనుక ఇదిగో, పాఠకులందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. అరువు మాటతో మొదలుపెడతాను గానీ, అరువు కోటుతో మొదలుపెట్టను. డొక్కలో పోటు పడితే ముందు పొడిచినవాడి మొహం చూస్తాను. మీరు కూడా ఒక్క క్షణం నాతో కళ్లు మూసుకోండి. పొయ్యి మీద నీళ్లేవీ పెట్టలేదు కదా? పెట్టినవాళ్లు దించి రండి. తండ్రీ, మా మాటలు ఎవరివైనా, వాటి వెనక కనబడే మనిషిని మాత్రం మమ్మల్నే చెయ్యి. మా స్నేహితుల రహస్యాలకు మా పళ్లను కాపలా ఉంచు. ఎప్పుడాపాలో మాకు తెలియకపోతే, ఏదో ఒక వంటింట్లో ఏదో ఒకటి పొంగించు.

ఆమేన్. అనండి మరి, మీరనేదాకా నేను ఆపలేను.